పొలాల మధ్య పాత రన్‌వే.. యుద్ధకాలం నాటి విమానాశ్రయాలు ఎక్కడున్నాయి? ఎలా గుర్తుపట్టాలి?

విజయనగరం: భోగాపురం పేరు చెప్పగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు ఇది. విమానం వస్తుందంటే ఇవాళ మనకు సంబరం. కానీ 84 ఏళ్ల కిందట ఇదే తీరంలో విమానం చప్పుడు వినిపిస్తే జనం మూటలు సర్దుకుని ఊళ్లు వదిలి వెళ్లిపోయారు.

ఆ రోజుల్లో బ్రిటిష్ సర్కారు హడావుడిగా వేసిన రన్‌వేలు మన రాష్ట్రంలో, పక్క రాష్ట్రాల్లో ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని మంచి ఎయిర్‌పోర్టులుగా మారాయి. కొన్ని తుప్పల్లో కలిసిపోయాయి. ఒకచోట ఏకంగా కాలేజీ వచ్చేసింది. అసలు వీటిని ఎందుకు కట్టారు? ఎక్కడెక్కడ ఉన్నాయి? చూడటానికి వెళ్తే ఏం కనిపిస్తుంది? ఆ భూములు ఎవరివి? పూర్తి వివరాలు ఇవిగో.

1942 ఏప్రిల్ 6.. ఆ రోజు ఏం జరిగింది?

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం 1942 మార్చి 8న రంగూన్‌ను పట్టుకుంది. మార్చి 23న అండమాన్‌లో దిగింది. అంటే బంగాళాఖాతానికి అటు ఒడ్డు మొత్తం జపాన్ చేతిలోకి వెళ్లినట్టే.

ఇది మన జిల్లాలకు దూరపు వార్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి పని కోసం రంగూన్ వెళ్లిన కుటుంబాలు వేలల్లో ఉండేవి. ఓడలు దొరకనివాళ్లు అడవులు, కొండలు దాటుకుంటూ నడిచి ఇండియాకి వచ్చారు. దారిలో చనిపోయినవాళ్లు లెక్కలేనంత మంది. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో ‘రంగూన్ తాత’ కథ ఒకటి ఉండటానికి కారణం ఇదే.

ఏప్రిల్ 5న జపాన్ నౌకాదళ విమానాలు కొలంబోపై దాడి చేశాయి. మర్నాడు, అంటే 1942 ఏప్రిల్ 6న, ‘ర్యూజో’ అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఏప్రిల్ 9న శ్రీలంకలోని ట్రింకోమలీ వంతు వచ్చింది. ఆ కొద్దిరోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా వాణిజ్య ఓడలు మునిగిపోయాయి.

విశాఖే ఎందుకు? కారణం సింపుల్. 1933లో హార్బర్ తెరిచారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా సింధియా షిప్‌యార్డుకు శంకుస్థాపన జరిగింది. మద్రాసు, కలకత్తాల మధ్య తూర్పు తీరంలో ఇదే ముఖ్యమైన రేవు. ఇక్కడి నుంచి విజయనగరం జంక్షన్ మీదుగా రాయ్‌పూర్ దాకా 1931లోనే రైలు మార్గం పూర్తయింది. అంటే రేవును దెబ్బ కొడితే మధ్య భారతం నుంచి వచ్చే సరుకు దారి కూడా దెబ్బతింటుందన్నమాట.

దాడి తర్వాత విశాఖ సగం ఖాళీ అయింది. ఆంధ్రా యూనివర్సిటీని గుంటూరుకి మార్చేశారు. యుద్ధం అయ్యాకే అది మళ్లీ వాల్తేరుకు వచ్చింది.

అందుకే అన్ని రన్‌వేలు!

అప్పటిదాకా బ్రిటిష్ వాళ్ల దృష్టంతా వాయవ్య సరిహద్దు మీదే. అఫ్గానిస్తాన్ వైపు నుంచే ప్రమాదం వస్తుందని లెక్కేసుకున్నారు. తూర్పు తీరం దాదాపు ఖాళీ. జపాన్ రంగూన్ దాకా వచ్చేసరికి ప్లాన్ మొత్తం తిరగబడింది. దేశవ్యాప్తంగా 200కు పైగా విమాన మైదానాలు కట్టే కార్యక్రమం 1942లో మొదలైంది.

అన్నీ బాంబర్ల కోసమే కాదు. కొన్ని సముద్రం మీద గస్తీ తిరిగే విమానాలకి. కొన్ని శిక్షణకి. ఇంకొన్ని కేవలం దారిలో పెట్రోల్ పోసుకోవడానికి, ఇబ్బంది వస్తే దిగడానికి. అప్పటి యుద్ధ విమానాలు ఇప్పటిలా గంటలకొద్దీ ఎగరలేవు. అందుకే మద్రాసు నుంచి కలకత్తా దాకా మెట్లు కట్టినట్టు మైదానాలు కావాల్సి వచ్చింది.

కట్టింది మాత్రం ఎక్కువగా మన కూలీలే. యంత్రాలు తక్కువ. రాయి కొట్టడం, తట్టల్లో మోయడం, రోలర్‌తో అణచడం.. ఆడా మగా అంతా కలిసి చేసిన పని. దగ్గర్లో దొరికే కంకర, గ్రావెల్, ఇటుక ముక్కలే మెటీరియల్. పైన తారు గానీ కాంక్రీట్ గానీ.

తొందరగా రన్‌వే కావాలంటే ఇంకో మార్గం ఉండేది. చిల్లులున్న ఉక్కు పలకలు. ఒక్కో పలక 10 అడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, దాదాపు 30 కిలోల బరువు. కొక్కేలతో ఒకదానికొకటి తగిలించి నేల మీద పరిచేస్తే చాలు. రోజుల్లో రన్‌వే రెడీ. యుద్ధం అయ్యాక ఈశాన్య రాష్ట్రాల్లో చాలామంది ఈ పలకల్ని ఇంటి కంచెలుగా వాడుకున్నారు. అస్సాం వైపు వెళ్తే ఇప్పటికీ కనిపిస్తాయి.

మన రాష్ట్రంలో ఎక్కడెక్కడ?

తాడేపల్లిగూడెం: పశ్చిమ గోదావరి జిల్లాలో యుద్ధ సమయంలో వేసిన రన్‌వే ఇది. తర్వాత విమానాలు రాలేదు. ఊళ్లో మాత్రం ‘విమానాశ్రయ భూములు’ అన్న పేరు అలాగే నిలిచిపోయింది. రాష్ట్ర విభజన తర్వాత నిట్ ఆంధ్రప్రదేశ్ క్యాంపస్‌కి కడకట్ల దగ్గర ఈ భూముల్లోనే చోటు ఇచ్చారు. ఒకప్పుడు యుద్ధ విమానాల కోసం చదును చేసిన నేల మీద ఇప్పుడు ఇంజినీరింగ్ పిల్లలు క్లాసులకి వెళ్తున్నారు.

దొనకొండ: ఉమ్మడి ప్రకాశం జిల్లాలో గుంటూరు–నంద్యాల రైల్వే లైను మీద ఉన్న ఊరు. బ్రిటిష్ కాలంలో పెద్ద రైల్వే కేంద్రం. యుద్ధ సమయంలో ఇక్కడ విమానాలు ఇంధనం నింపుకునేవి. ఇప్పుడు ఆ స్థలం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉంది. 2014లో కొత్త రాజధాని ఎక్కడ అన్న చర్చ నడిచినప్పుడు దొనకొండ పేరు గట్టిగా వినిపించింది గుర్తుందా? ప్రభుత్వ భూమి ఎక్కువగా ఉండటం అప్పుడు చెప్పిన ప్రధాన కారణం.

గన్నవరం, మధురపూడి: ఇవి బతికి బట్టకట్టిన మైదానాలు. గన్నవరం యుద్ధంలో సైనిక స్థావరంగా పనిచేసింది. ఇప్పుడది విజయవాడ అంతర్జాతీయ విమానాశ్రయం. రాజమహేంద్రవరం ఎయిర్‌పోర్ట్ ఉన్న మధురపూడి మైదానం కూడా బ్రిటిష్ కాలం నాటిదే.

విశాఖ: ఇప్పటి విమానాశ్రయం నేవీ ఆధీనంలోని ఐఎన్ఎస్ డేగాలో భాగం. ఇక్కడ పాత ఆనవాళ్లు వెతుకుతామంటే కుదరదు. కానీ యుద్ధం గుర్తులు నగరంలో వేరే చోట ఉన్నాయి. తీరం కోతకు గురైనప్పుడు ఇసుకలోంచి బయటపడే కాంక్రీట్ పిల్‌బాక్సులు ఆ కాలం నాటివే. శత్రువు సముద్రం వైపు నుంచి దిగితే కాల్చడానికి చిన్న కన్నాలతో కట్టిన గదులివి. అప్పటి జపాన్ బాంబు షెల్ ఒకటి విశాఖ మ్యూజియంలో చూడొచ్చు.

సరిహద్దు దాటితే..

తెలంగాణలో వరంగల్ దగ్గర మామునూరు ఉంది. ఇది యుద్ధం కోసం కట్టింది కాదు, 1930లో నిజాం కాలంలో వచ్చింది. 1981 దాకా వాడారు. ఆ తర్వాత ఖాళీ. 2025 ఫిబ్రవరిలో కేంద్రం దీన్ని మళ్లీ తెరవడానికి పచ్చజెండా ఊపింది.

ఒడిశాలో అసలైన యుద్ధకాలం మైదానం చూడాలంటే మయూర్‌భంజ్ జిల్లా రసగోవింద్‌పూర్ వెళ్లాలి. అప్పట్లో దాని పేరు అమర్దా రోడ్. 1943లో ఇక్కడ యుద్ధ విమాన పైలట్లకు శిక్షణ కేంద్రం పెట్టారు. గాల్లో శత్రు విమానాన్ని ఎలా తప్పించుకోవాలి, ఎలా కొట్టాలి అని నేర్పే స్కూల్ అది. 1945 జులై 26న అక్కడి నుంచి లేచిన రెండు లిబరేటర్ బాంబర్లు వర్షంలో ఒకదాన్నొకటి ఢీకొని 14 మంది చనిపోయారు. యుద్ధం ముగియడానికి మూడు వారాల ముందు!

అదే ఒడిశాలో ఝార్సుగూడ కథ వేరు. యుద్ధకాలంలో వేసిన ఆ మైదానాన్ని బాగుచేసి 2018 సెప్టెంబర్ 22న ప్రధాని చేతుల మీదుగా విమానాశ్రయంగా ప్రారంభించారు. పాత రన్‌వేకి రెండో జీవితం రావడం అసాధ్యం కాదని చెప్పే ఉదాహరణ ఇది.

ఫోన్‌లోనే ఎలా కనిపెట్టాలి?

ఇది చాలా ఈజీ. మ్యాప్ యాప్‌లో శాటిలైట్ వ్యూ ఆన్ చేయండి. నేల మీద నిలబడితే తెలియనిది పైనుంచి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

మొదటిది, తిన్నని గీత. మన పొలం గట్లు, డొంకలు, కాలవలు వంకరటింకరగా ఉంటాయి. వాటి మధ్య ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల మేర స్కేలు పెట్టి గీసినట్టు ఉన్న వెడల్పాటి పట్టీ కనిపిస్తే అనుమానించండి. అప్పటి బ్రిటిష్ వాయుసేన ప్రామాణిక కొలత ప్రకారం ప్రధాన రన్‌వే 2,000 గజాల పొడవు, 50 గజాల వెడల్పు. అంటే దాదాపు 1,830 మీటర్లు, 46 మీటర్లు. యాప్‌లోనే దూరం కొలిచి చూడొచ్చు.

రెండోది, అడ్డంగా వెళ్లే మరో గీత. గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా విమానం లేవాలి, దిగాలి. గాలి దిక్కు మారితే వాడుకోవడానికి రెండో రన్‌వే ఉండేది. ఇంగ్లండ్‌లో అయితే మూడు రన్‌వేలు త్రిభుజంలా వేసేవారు. మన దగ్గర చాలాచోట్ల ఒకటి, రెండుతోనే సరిపెట్టారు.

మూడోది, చుట్టూ తిరిగే దారి. రన్‌వే చివర్లను కలుపుతూ ఒక వంపు రోడ్డు, దాని పక్కన చెంచాల్లా వేలాడే గుండ్రటి జాగాలు కనిపిస్తాయి. విమానాలన్నీ ఒకేచోట పెడితే ఒక్క బాంబుకే పోతాయి కదా. అందుకే వాటిని విడివిడిగా, దూరదూరంగా నిలిపేవారు. ఆ పార్కింగ్ జాగాలే ఇవి.

ఇక రన్‌వే నంబర్ సంగతి. దిక్సూచి డిగ్రీలో చివరి సున్నా తీసేస్తే వచ్చేదే ఆ నంబర్. విశాఖ రన్‌వే 10/28 అంటే ఒకవైపు దాదాపు 100 డిగ్రీలు, ఇంకోవైపు 280 డిగ్రీలు. మీ ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని ఏ పాత రన్‌వే మీద నిలబడినా దాని నంబర్ మీరే లెక్కగట్టొచ్చు.

నేల మీద ఏం కనిపిస్తుంది?

హ్యాంగర్లు, టవర్లు దొరుకుతాయని ఆశపడి వెళ్తే నిరాశే. యుద్ధం అవ్వగానే రేకులు, ఇనుము, కలప వేలంలో పోయాయి. మిగిలేది నేలకి అతుక్కున్నదే.

కాంక్రీట్ పలకల మధ్య తారు పోసిన కీళ్లు చూడండి. రోడ్డుకి ఇంత వెడల్పు, ఇంత మందం ఉండదు. పక్కన వాన నీరు పోవడానికి కట్టిన లోతైన కాలవలు ఉంటాయి. తీరప్రాంత వర్షాలకి రన్‌వే నిలవాలంటే అవి లేకపోతే కుదరదు. గుర్రపు లాడం ఆకారంలో ఎత్తైన మట్టికట్టలు కనిపిస్తే అవి విమానాలకి రక్షణ గోడలు. పక్కన బాంబు పడినా ముక్కలు తగలకుండా కట్టినవి. మైదానానికి దూరంగా, చుట్టూ మట్టి ఎత్తు పోసిన చిన్న గట్టి గది ఉంటే అది మందుగుండు నిల్వ అయ్యే అవకాశం ఎక్కువ.

వెళ్లే ముందు ఇవి తప్పక తెలుసుకోండి

ఖాళీగా ఉందంటే ఎవరిదీ కాదని కాదు. పాత మైదానాల్లో కొన్ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి, కొన్ని రక్షణ శాఖవి, కొన్ని రాష్ట్ర ప్రభుత్వానివి, కొన్నిచోట్ల రైతుల పట్టా భూములు. ముందు తహసీల్దార్ ఆఫీసులో గానీ స్థానికంగా గానీ అడిగి వెళ్లడం మంచిది. రక్షణ శాఖ బోర్డు ఉన్నచోట లోపలికి వెళ్లడం, ఫొటోలు తీయడం రెండూ నేరమే కావొచ్చు. రీల్ కోసం రిస్క్ చేయొద్దు.

డ్రోన్ ఎగరేయాలనుకుంటే 2021 డ్రోన్ రూల్స్ వర్తిస్తాయి. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లలో ఏదో చూసుకోండి. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. నేవీ స్థావరం ఉన్న విశాఖ చుట్టుపక్కల మరీ జాగ్రత్త.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. నేలలో తుప్పు పట్టిన షెల్, సిలిండర్ లాంటిది కనిపిస్తే ముట్టుకోవద్దు, తన్నొద్దు, పాత ఇనుముకి అమ్ముదామని ఇంటికి తేవొద్దు. 80 ఏళ్లు దాటినా పేలే గుణం పోదు. దూరం జరిగి 112కి ఫోన్ చేయండి. వర్షాకాలంలో తుప్పల్లో, కాలవల్లో పాముల భయం సరేసరి.

ఆ భూములు ఎవరివి?

ఇక్కడే అసలు కథ. యుద్ధ సమయంలో 1939 నాటి డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం, దాని కింద చేసిన నిబంధనలతో సర్కారు ఏ భూమినైనా తీసుకోగలిగేది. రెండు పద్ధతులున్నాయి. ఒకటి, 1894 భూసేకరణ చట్టం కింద శాశ్వతంగా కొనేయడం. రెండోది, యుద్ధం అయ్యేదాకా వాడుకుని పరిహారం ఇవ్వడం. ఈ రెండో దాంట్లో భూమి పేరు రైతుదే, వాడకం సైన్యానిది.

యుద్ధం ముగిశాక కొన్ని తిరిగి ఇచ్చేశారు. కొన్ని సర్కారు దగ్గరే ఉండిపోయాయి. తిరిగి వచ్చిన చోట కూడా రైతుకి దక్కింది పొలం కాదు, కంకర పరిచి రోలర్ తొక్కించిన గట్టి నేల. నాగలి దిగదు. రైతుల అభ్యంతరం వినే తీరిక అప్పుడు ఎవరికీ లేదు.

ఇప్పుడు రూల్స్ మారాయి. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టంలో పరిహారంతో పాటు పునరావాసం కూడా హక్కే. అయినా ఆ బాధ మాత్రం పోలేదు. భోగాపురంలో ఊళ్లు వదిలి పునరావాస కాలనీలకి వెళ్లినవాళ్లని అడగండి. పలాస వైపు ఎయిర్‌పోర్ట్ ప్రతిపాదన వచ్చాక జీడి, కొబ్బరి తోటలు పోతాయని ఉద్దానం రైతులు ఎందుకు ఆందోళనకి దిగారో చూడండి. రన్‌వేకి కావాల్సింది చదునైన మంచి నేల. రైతుకి కావాల్సిందీ అదే.

అందుకే పాత మైదానాల మీద ప్రభుత్వాల కన్ను పడుతోంది. కొత్త విమానాశ్రయాల సాధ్యాసాధ్యాలు పరిశీలించే జాబితాలో శ్రీకాకుళం, కుప్పం, నాగార్జునసాగర్‌తో పాటు తాడేపల్లిగూడెం పేరు కూడా 2024లో వచ్చింది. కానీ ఇక్కడా చిక్కుంది. 1942 నాటి రన్‌వే పొడవు ఇప్పటి జెట్ విమానాలకి సరిపోదు. భోగాపురం రన్‌వే 3,800 మీటర్లు, అంటే పాత ప్రామాణిక కొలతకి రెట్టింపు పైమాటే. పైగా పాత మైదానాల చుట్టూ ఇళ్లు వచ్చేశాయి. పొడిగించాలంటే మళ్లీ ఎవరో ఒకరు కదలాల్సిందే.

2042 దాకా ఆగితే మిగులుతాయా?

కేంద్ర పురావస్తు చట్టం 1958 ప్రకారం ఒక కట్టడాన్ని ప్రాచీనమైనదిగా గుర్తించాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి. 1942లో వేసిన రన్‌వేకి ఆ అర్హత 2042లో వస్తుంది. అప్పటిదాకా ఈ చట్టం కింద రక్షణ లేదు. ఎవరైనా జేసీబీ తెచ్చి మట్టికట్ట తవ్వుకుపోయినా, కాంక్రీట్ పగలగొట్టి రోడ్డుకి వేసుకున్నా పురావస్తు శాఖ అడ్డుకోలేదు.

అన్నీ కాపాడాలని ఎవరూ అనరు. కాలేజీ కట్టడం తప్పు కాదు. పేదవాడికి ఇల్లు ఇవ్వడం అంతకన్నా తప్పు కాదు. కానీ కనీసం ఒక బోర్డు పెట్టొచ్చు. ‘ఇక్కడ ఫలానా ఏడాది రన్‌వే వేశారు, ఫలానా ఊళ్ల వాళ్లు కట్టారు’ అని రెండు లైన్లు రాయడానికి ఎంత ఖర్చవుతుంది?

ఇంట్లో పెద్దవాళ్లని అడిగారా?

విశాఖ మీద బాంబులు పడ్డ రోజు పదేళ్ల వయసున్నవాళ్లకి ఇప్పుడు తొంభై దాటింది. రాళ్లు మోసినవాళ్లు దాదాపుగా లేరు. వాళ్ల కథలు విన్నవాళ్లే మిగిలారు. పైలట్ల పేర్లు, విమానాల నంబర్లు లండన్ రికార్డుల్లో భద్రంగా ఉంటాయి. తట్ట మోసినవాళ్ల పేర్లు మన ఇళ్లలోనే ఉండాలి.

ఈసారి ఊరెళ్లినప్పుడు తాతనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి. బాంబులు పడ్డప్పుడు మన వాళ్లు ఎక్కడికి వెళ్లారు? రంగూన్ నుంచి ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు? ఊరి దగ్గర ‘విమానాల దిబ్బ’, ‘క్యాంపు మెట్ట’ లాంటి పేరున్న చోటు ఏదైనా ఉందా? ఫోన్‌లో రికార్డ్ ఆన్ చేసి పక్కన పెట్టండి చాలు. రన్‌వేకి 100 ఏళ్లు నిండేదాకా ఆగొచ్చు. తాత ఆగలేడు కదా.